ఎత్తగలిగినంత బరువు

పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురితోనూ ఆమె బిడ్డతోనూ కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. పాపకి పదకొండేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. నడవలేదు, ఆసరా లేకుండా కూర్చోలేదు, మెడ కాసేపే నిలుస్తుంది. మాట లేదు గానీ అన్నీ తెలుసు. వాకిట్లో వాళ్ళమ్మ గొంతు వినపడగానే ఒళ్ళంతా బిగుసుకుపోయి నవ్వుతుంది. అద్దంకిలో మా వాళ్ళెవరూ ఆ జబ్బుని ఇంగ్లీషు పేరుతో పిలవరు. "పుట్టగానే ఏడవలేదు" అంటారు. జబ్బు పేరూ అదే, దాని కథా అదే.

నిలబడలేని పిల్లని ఎలా తూస్తారో నేను చూడటం అదే మొదటిసారి. అక్క పాపని ఎత్తుకుని తూకం మీద నిలబడింది. యాభై అయిదు. పాపని నా చేతికిచ్చి తనొక్కతే నిలబడింది. నలభై ఒకటి. నర్సు ఒకదాన్నుంచి ఒకటి తీసేసి చీటీ మీద 14 అని వేసింది. పదకొండేళ్ళ ఆడపిల్ల ముప్ఫై కేజీలు దాటి ఉండాలి. పద్నాలుగు కేజీలంటే మూడేళ్ళ పిల్ల బరువు. అక్క బరువు మాత్రం ఎక్కడా రాయలేదు.

"ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా, సన్నగానే ఉంటారు. మీరు మాత్రం బలమైన తిండి పెడుతుండండి" అన్నాడు డాక్టరు. మంచివాడే, విసుక్కోలేదు. కానీ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాడు. ఇంతే అయితే పెట్టమనడం ఎందుకు? పెడితే పెరుగుతుందనుకుంటే ఇంతే అనడం ఎందుకు? పీహెచ్‌డీ చేసి, సెమినార్లలో నోరు చేసుకునే నేను ఆ ప్రశ్న అక్కడ అడగలేదు. తిరుగు బస్సులో అక్కతో అన్నాను, పాపకి తిండి గురించి ఇంకాస్త శ్రద్ధ పెట్టాలేమోనని. అక్క కిటికీలోంచి చూస్తూ అంది: "ఇంకో పది కేజీలు ఎక్కితే దీన్ని ఎట్టా ఎత్తేదే?"

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మొదట ఒళ్ళు జలదరించింది, తల్లి అనాల్సిన మాటేనా అని. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కూడా నాకు పెద్దగా సాయపడలేదు. ఎందుకంటే ప్రశ్న అలాగే ఉంది. బిడ్డ బరువు పెరగకూడదని ఒక తల్లి లోలోపల అనుకుంటే అది తప్పా? తప్పయితే ఎవరిది?

ముందు తిండి సంగతి చెప్పాలి. పాపకి అన్నం పెట్టడమంటే ఏమిటో నాకు అంతకు ముందు తెలియదు. సెలవుల్లో చూసి వెళ్ళేదాన్ని, అంతే. ఈసారి నాలుగు పూటలు నేనే పెట్టాను. వీపుకి దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి ఉండేట్టు తలని ఒక చేత్తో పట్టుకోవాలి. మెత్తగా నలిపిన ముద్ద చిన్నది నాలుక మీద పెట్టాలి. నాలుక దాన్ని బయటికి తోసేస్తుంది. మళ్ళీ పెట్టాలి. మింగిందని ఖాయమయ్యాక రెండోది. తొందరపడితే పొలమారుతుంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం మనం. ఈ పిల్లలకి అది న్యుమోనియా. కొందరిలో దగ్గు కూడా రాకుండానే మెతుకులు, పాలు ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంటాయి. నేను పెట్టిన మొదటి పూటకి యాభై అయిదు నిమిషాలు పట్టింది. పెట్టిందాంట్లో సగం నా ఒడిలోనే ఉంది. భోజనానికి అరగంట దాటితే దాన్ని సమస్యకు గుర్తుగా తీసుకోవాలని వైద్యులు అంటారు. అక్క రోజుకి మూడు పూటలు పదేళ్ళుగా ఆ అరగంట దాటుతూనే ఉంది.

మిరప కోతల రోజుల్లో మూడు పూటలు కుదరవు. తెల్లారేసరికి ఆటో ఎక్కాలి. కోత అయిపోతే కళ్ళంలో తాలు కాయలు ఏరే పని. అది కాకపోతే పత్తి తీత. ఆ నెలల్లో పాపకి పొద్దున పాలల్లో ముంచిన బిస్కెట్లు, మధ్యాహ్నం పెద్దమ్మ పట్టే పలచటి పాలన్నం, రాత్రి అక్క వచ్చాక అన్నం. పలచగా చేస్తే తొందరగా దిగుతుంది గదా అని నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోసిన కొద్దీ గిన్నె నిండుతుంది, తిండి తగ్గిపోతుంది. పైగా మింగడం సరిగ్గా రాని పిల్లకి చిక్కటి ముద్ద కంటే పలచటి ద్రవమే ఎక్కువ ప్రమాదం. ఇది అక్కకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. చదివి తెలుసుకున్నాను.

చదివింది ఇంకొంత చెబుతాను. మన పత్రికలో తిండి రాజకీయాల గురించి చాలా రాసుకున్నాం గానీ ఈ పిల్లల ప్లేటులోకి తొంగి చూసినట్టు లేదు. నడవని పిల్లలకి శక్తి, అంటే కేలరీలు, తోటి పిల్లలకన్నా తక్కువ సరిపోవచ్చు. ఇనుము, కాల్షియం, జింకు, విటమిన్లు మాత్రం దాదాపు అందరికీ కావలసినంతే వీళ్ళకీ కావాలి. అంటే తక్కువ ముద్దల్లోనే ఎక్కువ సారం ఇమడాలి. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పాలు మంచివని పాలే పడతాం. పాలల్లో ఇనుము దాదాపు లేదు, పైగా మిగతా తిండిలోని ఇనుమునీ ఒంటికి పట్టనివ్వవు. టీలో ముంచిన బన్ను అయితే మరీను. పదేళ్ళు దాటిన పిల్లలకి వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఉంది. కానీ అది మాత్ర, మింగాలి. చౌక బియ్యంలో కలిపిన బలవర్ధక గింజల్ని మా పెద్దమ్మ ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేసేది. ఆమెకి ఎవరైనా ఎదురు కూర్చుని ఓపిగ్గా చెప్పారా అంటే అదీ లేదు.

ఇక ఎండ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా వైపు బస్సులో వెళితే రోడ్డు పక్కన ఎకరాల కొద్దీ ఎర్రగా కనిపిస్తుంది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయ. కాయ గలగలమనేదాకా ఎండాలి. ఆ ఎండకి కొదవలేని ఊళ్ళో, వెనక గదిలో పడుకున్న పిల్లకి ఎండ లేక డి విటమిన్ తగ్గుతుంది. ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్, ఫినిటాయిన్ లాంటి మందులు ఒంట్లో ఉన్న కాస్త డి విటమిన్‌నీ తొందరగా ఖర్చు చేసేస్తాయి. కాళ్ళ మీద బరువు మోపని ఎముక ఎలాగూ పలచబడుతుంది. మూడూ కలిస్తే బట్టలు మార్చేటప్పుడు కూడా ఎముక విరగొచ్చు. పాపని ఎందుకు బయట కూర్చోబెట్టరు అని అడిగితే పెద్దమ్మ, "వచ్చేపోయే వాళ్ళంతా ఆగి చూస్తారమ్మా" అంది. డి విటమిన్ లోపానికి కారణం అదని ఏ పాఠ్యపుస్తకంలోనైనా రాస్తారా?

ఇప్పుడు డాక్టరు "ఇంతే" అన్నదానికి వస్తాను. ఆ మాటకి ఒక శాస్త్రీయ వెర్షన్ కూడా ఉంది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పసిపిల్లల ఎదుగుదలకి కొత్త ప్రమాణాలు ప్రకటించింది. మన ఢిల్లీతో సహా ఆరు దేశాల పిల్లల్ని కొలిచి తయారుచేసినవి. పిల్లలు ఎలా పెరుగుతున్నారో చెప్పడం కాదు, తిండీ ఆరోగ్యమూ సక్రమంగా ఉంటే ఎలా పెరగాలో చెప్పడం వాటి ఉద్దేశం. 2011లో అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం ప్రత్యేకమైన ఎదుగుదల పట్టికలు వచ్చాయి. కాలిఫోర్నియాలో పాతిక వేల మందికి పైగా పిల్లల బరువులు, ఎత్తులు చూసి గీసినవి. ఇవి ఎలా పెరగాలో చెప్పవు, ఎలా ఉన్నారో చెబుతాయి. ఆ ఉన్నవాళ్ళలో సరిగ్గా తిండి అందని వాళ్ళు ఎందరో! వాళ్ళందరి సగటుతో మా పాపని పోలిస్తే ఫరవాలేదనిపించవచ్చు. మరీ తక్కువ బరువున్న పిల్లల్లో చావులు ఎక్కువని అదే అధ్యయనం చూపించింది కూడా. పోషకాహార లోపాన్ని పట్టుకోవడానికి ఈ ప్రత్యేక పట్టికల్ని మామూలుగా వాడవద్దని 2017లో యూరప్ వైద్యుల మార్గదర్శకాలు చెప్పాయి.

వైద్యం తెలిసినవాళ్ళు నన్ను సరిదిద్దవచ్చు. కానీ సాహిత్యం చదువుకున్న మనిషిగా నాకు ఈ తేడా బాగా పరిచయమైనదే. "ఆడవాళ్ళు ఇంతే" అన్న వాక్యం కూడా సగటుని స్వభావంగా చూపిస్తుంది. చదువు చెప్పకుండా చదువులేదనడం, తిండి పెట్టకుండా ఎదగదనడం ఒకే వ్యాకరణం. మామూలు పిల్ల పద్నాలుగు కేజీల దగ్గర ఆగిపోతే దాన్ని ఆకలి అంటాం, అంగన్‌వాడీ రిజిస్టర్లో ఎర్ర గుర్తు పెడతాం. ఈ పిల్ల ఆగిపోతే జబ్బు లక్షణం అంటాం. ఆకలికి జవాబుదారీ ఉంటుంది, జబ్బు లక్షణానికి ఉండదు.

అద్దంకి అనగానే మా శాఖలో అందరికీ పండరంగని శాసనం గుర్తొస్తుంది. క్రీ.శ. 848, తెలుగు పద్యం తొలిసారి రాతికెక్కిన చోటు. ఆ తర్వాత ఎర్రన. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలుతున్నప్పుడే ఆయన హరివంశం చెప్పాడు, అందులో చిన్నికృష్ణుడి అల్లరి ఉంది. నా క్లాసులో దాన్ని చెప్పేటప్పుడు ఎన్నడూ తట్టని విషయం ఇప్పుడు తట్టింది. పసివాడికి తిండి పెట్టడం గురించి మన కవిత్వంలో ఉన్నదంతా పరిగెత్తే పిల్లాడి గురించే. వాడు పారిపోతాడు, దొంగిలిస్తాడు, తల్లి వెంటపడుతుంది. ఆ పరుగే వాత్సల్యం. పరిగెత్తలేని పిల్లకి మన దగ్గర పద్యం లేదు. అంతెందుకు, చందమామని చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం తెలుగు తల్లి బొమ్మ కదా. మెడ నిలవని పిల్ల తల వెనక్కి వాల్చి ఆకాశం చూపిస్తూ ముద్ద పెడితే అది గొంతులో అడ్డం పడుతుంది. ఆ బొమ్మ ఈ పిల్లకి ప్రమాదం. 2020లో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద అని పేరు పెట్టారు, 2024లో అన్నదాతగా పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ప్రభుత్వం మారినా పెట్టే చెయ్యి ఆడదే. ఆ ముద్ద బడికి వెళ్ళే పిల్లలకే అన్నది వేరే సంగతి, దానికి మళ్ళీ వస్తాను.

అక్క మాటకి దగ్గరగా ఉన్న కేసు ఒకటి ప్రపంచమంతా చర్చించింది. 2004లో అమెరికాలోని సియాటిల్‌లో ఆష్లీ అనే ఆరేళ్ళ పాపకి తల్లిదండ్రుల కోరిక మీద గర్భసంచి తీసేశారు, రొమ్ములు పెరగకుండా ఆపరేషన్ చేశారు, ఎక్కువ మోతాదులో ఈస్ట్రోజెన్ ఇచ్చి ఎదుగుదల ఆపారు. ఆ పాప కూడా కూర్చోలేదు, మాట్లాడలేదు. చిన్నగా ఉంటే ఇంట్లో వాళ్ళు ఎత్తుకుని తిప్పగలరు, తమతో ఉంచుకోగలరు అన్నది తల్లిదండ్రుల వాదన. 2006లో డాక్టర్లు దీన్ని వైద్య పత్రికలో ప్రచురించాక గొడవ మొదలైంది. కోర్టు అనుమతి లేకుండా గర్భసంచి తీయడం చట్టవిరుద్ధమని 2007లో విచారణ తేల్చింది, ఆసుపత్రి ఒప్పుకుంది. వికలాంగుల ఉద్యమాలు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: మనిషి బరువు మొయ్యలేకపోతే సాయం పెంచాలా, మనిషిని తగ్గించాలా?

మనకి ఇది కొత్తేమీ కాదు. 1994లో పూణేలో, శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న మానసిక వికలాంగులైన ఆడపిల్లలకి ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. ముట్టు వస్తే వాళ్ళని శుభ్రంగా ఉంచడం కష్టమనే కారణంతో. స్త్రీవాద సంఘాలు వీధికెక్కాయి. ఆ కథ ఎం.ఏ.లో ఉన్నప్పుడు చదివి ఆవేశపడ్డాను. ఈ మధ్య ఒక రాత్రి అక్క, "ఇది ఇంకా పెద్దమనిషి కాకపోవడమే మేలు, అదీ వస్తే నా వల్ల కాదు" అన్నప్పుడు మాత్రం నా దగ్గర ఆ ఆవేశం లేదు. తిండి చాలని పిల్లల్లో రజస్వల కావడం ఆలస్యమవుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆష్లీకి హార్మోన్లు చేసిన పని ఇక్కడ పలచటి పాలన్నం చేస్తోంది. తేడా ఏమిటంటే అక్కడ తల్లిదండ్రులు నిర్ణయం తీసుకున్నారు, సంతకం పెట్టారు, కమిటీ కూర్చుంది, ప్రపంచం వాదించుకుంది. ఇక్కడ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అక్క పాప కంచంలో నుంచి ఒక్క ముద్ద కూడా కావాలని తగ్గించలేదు. జరుగుతున్న దానికి భయపడటంతో పాటు కాస్త ఊరట కూడా పొందుతోంది, అంతే. ఆ ఊరటని నేరమంటే నేనొప్పుకోను. అలాగని, పాపం, పేద తల్లి ఏం చేస్తుంది అని సరిపెట్టుకోవడమూ నాకు చేతకావడం లేదు. ఎందుకంటే ఆ సానుభూతిలో పాప మాయమైపోతుంది. ఆకలి పాపది. రక్తం చాలనిదీ, ఎముక విరిగేదీ ఆమెకే. అక్క కష్టం పాప ఆకలికి కారణం కావచ్చు, సమర్థన కాదు. ఈ రెండూ ఒకేసారి పట్టుకోవడం స్త్రీవాదులకి కష్టమే. ఎప్పుడూ తల్లి వైపు నుంచే మాట్లాడటం అలవాటైపోయిన వాళ్ళం.

మళ్ళీ ఆ వాక్యానికే వెళ్ళాను. "ఎట్టా ఎత్తేదే?" తెలుగులో కర్త లేకుండా వాక్యం చెప్పేయొచ్చు. చెప్పని ఆ కర్త 'నేను' అని ఇద్దరికీ అర్థమైపోయింది. డాక్టరు అన్న "మీరు"లో ఉన్నదీ ఆమె ఒక్కతే. అదే బస్సులో, ముందు సీట్లో మా బావ కూర్చుని ఉన్నాడు. ఆయన హమాలీ. కోల్డ్ స్టోరేజీ దగ్గర నలభై కేజీల పైచిలుకు మిర్చి టిక్కీని వీపు మీదికి తీసుకుని మెట్లెక్కుతాడు. సీజన్‌లో రోజంతా అదే పని. పాపంటే ప్రాణం. సింగరకొండ తిరునాళ్ళకి భుజం మీద వేసుకుని తీసుకెళ్తాడు. కానీ 'ఎవరెత్తాలి' అన్న లెక్కలో ఆయన లేడు. అక్క లెక్కలో లేడు, నా లెక్కలోనూ లేడు. ఇంట్లోనే నలభై కేజీలు ఎత్తే మనిషి ఉండగా ఇరవై నాలుగు కేజీల పిల్లని ఎలా ఎత్తడమా అని నేను అమెరికా కేసులు చదువుతూ కూర్చున్నాను!

ఎవా ఫెడర్ కిటే అని అమెరికన్ తత్వవేత్త. ఆమె కూతురు సేషాకి తీవ్రమైన బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ. 1999లో వచ్చిన 'లవ్స్ లేబర్' పుస్తకంలో ఆమె అంటుంది, న్యాయం గురించిన సిద్ధాంతాలన్నీ ఎవరి మీదా ఆధారపడని పెద్దమనుషుల్ని ఊహించుకుని కట్టినవని. ఆధారపడిన మనిషిని చూసుకునే మనిషి కూడా ఇంకొకరి మీద ఆధారపడక తప్పదు, ఆమెని చూసుకునే బాధ్యత సమాజానిది అని వాదిస్తుంది. దానికి డౌలియా అని పేరు పెట్టింది. బాలింతని చూసుకునే మనిషిని డౌలా అంటారు, ఆ మాటలోంచి తీసుకుంది. మనకి ఇందులో అర్థం కానిదేముంది? పురుడు పోయడానికి పుట్టింటికి తీసుకెళ్తాం. బిడ్డని చూసే తల్లిని ఇంకో తల్లి చూస్తుంది. మూడో నెలో అయిదో నెలో వచ్చేసరికి సారె పెట్టి పంపించేస్తాం. అక్క పసిబిడ్డని పదకొండేళ్ళుగా చూస్తోంది, ఆమె పురుడు మాత్రం అయిదో నెలకే అయిపోయింది. కిటేకి జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమతు ఉంది, ఆ సంగతి ఆమే దాచకుండా రాసుకుంది. అలా జీతానికి వచ్చే ఆడమనిషి బిడ్డకి ముద్ద ఎవరు పెడతారన్నది మన ఇళ్ళల్లో పనమ్మాయిల్ని పెట్టుకున్న మనందరం వేసుకోవాల్సిన ప్రశ్న.

1979లో స్టాన్‌ఫోర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో అమర్త్యసేన్ అడిగింది కూడా ఇలాంటిదే. అందరికీ సమానంగా పంచినంత మాత్రాన సమానత్వం వస్తుందా, ఒకే వస్తువుతో అందరూ ఒకే పని చెయ్యగలరా అని. కోడిగుడ్డు కోడిగుడ్డే. మామూలు పిల్ల రెండు నిమిషాల్లో తినేస్తుంది. పాప కడుపులోకి చేరాలంటే దానికి ఇంకొకరి పావుగంట కలవాలి. గుడ్డు అంగన్‌వాడీ ఇస్తుంది, పావుగంట ఎవరిస్తారు?

ఆ గుడ్డైనా ఆరేళ్ళ దాకే. 2013లో వచ్చినప్పుడు ఆహార భద్రతా చట్టం పోషకాహార లోపం ఉన్న పిల్లలకి రోజుకి 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలంది, ఆరేళ్ళ వరకు. ఆ తర్వాత పద్నాలుగు దాకా మధ్యాహ్న భోజనం, బడిలో. బడికి వెళ్ళలేని ఏడేళ్ళ పిల్ల ఈ రెండింటికీ మధ్యలో పడిపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని గుర్తించింది, ఎక్కువ సాయం అవసరమైన వాళ్ళ సంరక్షకులకి భత్యం ఇవ్వాలనే మాట కూడా 24వ సెక్షన్‌లో ఉంది. అక్కకి తెలిసింది మాత్రం పింఛను. 2024లో వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలు అయింది. మంచిదే, చిన్నది కాదు. మందులు, డైపర్లు, కాసిని గుడ్లు వస్తాయి. కోత కూలి మానుకుని అక్క ఇంట్లో కూర్చునేంత మాత్రం కాదు. కూర్చుంటే అది న్యాయమా అన్నది ఇంకో ప్రశ్న. అక్కకి కోతకి వెళ్ళడం ఇష్టం. నలుగురు ఆడవాళ్ళతో మాట్లాడేది అక్కడే.

మేం చేసింది చిన్నది. పాలన్నంలో నీళ్ళు మానేసి, మెత్తటి పప్పన్నంలో చెంచా నెయ్యి, గుడ్డులో పచ్చసొన, రాగి జావ చిక్కగా, మునగాకు పొడి. రక్త పరీక్ష చేయించి ఐరన్ చుక్కల మందూ డి విటమినూ రాయించుకున్నాం. పొద్దున కాసేపు పాపని వాకిట్లో కూర్చోబెడుతున్నారు. ఆగి చూసేవాళ్ళు వారం రోజులు చూసి మానేశారు. నాలుగు నెలల్లో కేజీన్నర పెరిగింది. పొద్దున స్నానానికి బావ ఎత్తుతున్నాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు, ఆడపిల్ల కదా అని. ఇప్పుడు స్నానం అక్కది, ఎత్తడం దించడం ఆయనది. అన్నం పెట్టడం మాత్రం రెండు పూటలు చూసి "నా చెయ్యి మొరటుది" అనేశాడు. నేను నాలుగు పూటలు పెట్టి హైదరాబాదు వచ్చేసినదాన్ని, ఆయన్ని అనేదేముంది?

నడుం నొప్పికి అక్కని డాక్టరుకి చూపిస్తే ఆమె రక్తం కూడా తక్కువే ఉందని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. పాపకి పెట్టగా గిన్నెలో మిగిలిందే అక్క మధ్యాహ్నం భోజనం అని అప్పుడు తెలిసింది. పచ్చసొన పాపకి, తెల్లసొన తనకి అని నవ్వింది.

సంక్రాంతి దాటితే మిరప కోతలు. అప్పుడు మధ్యాహ్నం పూట ముద్ద ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు. పెద్దమ్మ చేతులు వణుకుతున్నాయి. పక్కింటి అమ్మాయికి నెలకింత ఇద్దామా అని నేనంటే, ఆ అమ్మాయీ కోతకే వస్తుందని అక్క చెప్పింది. మొన్న ఫోన్లో బావని అడిగాను, మధ్యాహ్నం ఒక గంట ఇంటికి రావడం కుదరదా అని. "చూద్దాంలేమ్మా" అన్నాడు.